తీర్పు వచ్చిన రోజే మార్కెట్ 3 శాతం పెరిగిందంట, దీన్ని నమ్మొచ్చా?

మూలాపేట_లావణ్య
ఎంబీఏ రెండో ఏడాది. ప్రాజెక్టు టాపిక్ నేనే అడిగి తీసుకున్నాను, ఇప్పుడు అనుభవిస్తున్నాను. గర్భస్రావం, గర్భనిరోధం, ఐవీఎఫ్ లాంటి వాటి మీద చట్టాలు మారినప్పుడు షేర్ మార్కెట్ ఎలా కదులుతుంది అనేది విషయం. అమెరికా సుప్రీంకోర్టు 2022 జూన్ 24న డాబ్స్ కేసులో తీర్పు చెప్పి, గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పును కొట్టేసింది. అదే రోజు అక్కడి పెద్ద కంపెనీల షేర్ల కదలిక చూపించే ఎస్ అండ్ పీ 500 సూచీ 3 శాతం పైన పెరిగింది. రెండూ పక్కపక్కన పెట్టి గైడ్‌కి చూపిస్తే "ఇంకేం, ఫలితం దొరికింది కదా, రాసెయ్" అన్నారు. యూట్యూబ్‌లో ఒకాయన కూడా మార్కెట్ తీర్పును స్వాగతించిందని చెబుతున్నాడు. నాకేమో మనసు ఒప్పడం లేదు. ఆడవాళ్ళ హక్కు పోతే కంపెనీల విలువ పెరగడం ఏంది? ఇక్కడ మార్కెట్ చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, కాస్త చెప్పండి. ఇంట్లో నాన్నకి టాపిక్ పేరు కూడా చెప్పలేదు, "ఫార్మా మీద" అన్నాను.

కావలి_సీను
స్వాగతించింది కాబట్టే పెరిగింది. సింపుల్. పిల్లలు ఎక్కువ పుడితే డైపర్లు, పాలపొడి, స్కూలు ఫీజులు. డిమాండ్ అమ్మా డిమాండ్.

గిత్త_ఒంగోలు
సీనూ, మళ్ళీ మొదలెట్టావా.
లావణ్యా, ఆ రోజు నేను బ్రోకర్ ఆఫీసులోనే పనిచేస్తున్నాను, బాగా గుర్తు. అంతకు ముందు వారం అమెరికా మార్కెట్ ఘోరంగా పడింది, ధరలు పెరిగిపోతున్నాయి, వాళ్ళ కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీలు ఎంత పెంచుతుందో అని అందరికీ టెన్షన్. జూన్ 24 శుక్రవారం. ఆ రోజే మిషిగన్ యూనివర్సిటీ సర్వే తుది లెక్క వచ్చింది. రాబోయే 5 నుంచి 10 ఏళ్ళలో ధరలు ఏడాదికి ఎంత పెరుగుతాయని జనం అనుకుంటున్నారో చెప్పే అంకె అది. ముందు 3.3 అన్నారు, దాన్ని 3.1కి దించారు. ఫెడ్ కాస్త మెత్తబడుతుందని ఆశ పుట్టింది, అన్నీ లేచాయి. బ్యాంకులు లేచాయి, చిప్ కంపెనీలు లేచాయి. వాటికీ గర్భస్రావానికీ ఏం సంబంధం?

మూలాపేట_లావణ్య
అంటే అదే రోజు రెండు విషయాలు జరిగాయి, మేము ఒకటే చూశాం. మరి తీర్పు ప్రభావం సున్నా అని రాయాలా?

గిత్త_ఒంగోలు
సున్నా అని కూడా రాయలేవు. తీర్పు అసలు ఆ రోజు వచ్చిన వార్తే కాదు. తీర్పు ముసాయిదా మే 2 రాత్రే లీక్ అయింది, పొలిటికో అనే వార్తా సంస్థ వేసింది. శుభలేఖలు పంచిన ఏడు వారాలకి ముహూర్తం వస్తే పెళ్ళని ఎవరైనా ఆశ్చర్యపోతారా? ఆశ్చర్యం లేకపోతే ధరలో కదలిక ఉండదు. నువ్వు చూడాల్సిన తేదీ మే 3.

కావలి_సీను
సరే మే 3, 4 చూద్దాం. మే 4న ఎస్ అండ్ పీ దాదాపు 3 శాతం పెరిగింది. ఇప్పుడు చెప్పన్నా.

గిత్త_ఒంగోలు
మే 4న ఫెడ్ అర శాతం వడ్డీ పెంచి, ముప్పావు శాతం పెంచే ఆలోచన ఇప్పటికి లేదంది. అందుకు లేచింది. మర్నాడు మే 5న మూడున్నర శాతం పడింది. మరి ఒక్క రాత్రిలో మార్కెట్ తీర్పు మీద మనసు మార్చుకుందా?

రొయ్యల_రాయుడు
మే 4 నాకూ గుర్తే. మన రిజర్వు బ్యాంకు చెప్పాపెట్టకుండా రెపో (బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) 0.40 శాతం పెంచి 4.40 చేసిన రోజు. సెన్సెక్స్ 1,300 పాయింట్లు పోయింది. ఎల్ఐసీ షేర్ల ఇష్యూ కూడా ఆ రోజే మొదలు. నేను 949 లెక్కన వేసి, 872 దగ్గర లిస్టయ్యేది చూసి, ఆ రాత్రి అన్నం తినలేదు. గర్భం సంగతి నా బుర్రలోకే రాలేదు సామీ.

మూలాపేట_లావణ్య
రాయుడన్నా 😄
గైడ్ "అబ్నార్మల్ రిటర్న్" తీయమన్నారు. పుస్తకంలో ఫార్ములా ఉంది, తలకెక్కడం లేదు.

రొయ్యల_రాయుడు
నాకు ఫార్ములా తెలియదు, చెరువు తెలుసు. 100 కౌంట్ (కిలోకి వంద రొయ్యలు) రేటు ముత్తుకూరు నుంచి కోట దాకా అందరికీ పది రూపాయలు పడిందనుకో. నీకూ పదే పడితే నీ చెరువులో తప్పేం లేదు. అందరికీ పది పడి నీకు ముప్పై పడితే, ఆ పైన ఇరవై నీ చెరువు కత. మెత్తబడిన రొయ్యో, సైజు తేడానో, ఏదో ఉంది. నువ్వు అందరి పదీ తీసేసి ఆ ఇరవై మాత్రమే చూడాలి. అంతేనా ఒంగోలన్నా?

గిత్త_ఒంగోలు
అంతే. అందరి పది అంటే మార్కెట్ మొత్తం కదలిక, ఆ ఇరవై ఆ షేరు సొంత కదలిక. మా ఎంబీఏ మాస్టారు రెండు గంటలు చెప్పింది ఇదే.

ఉలవపాడు_మామిడి
ఈ వేదిక పెట్టుబడుల గురించి. ఆడవాళ్ళ ఆస్పత్రి సంగతులు ఇక్కడెందుకు? చదువుకునే పిల్లకి వేరే టాపిక్కే దొరకలేదా.

దర్గామిట్ట_పద్మ
పెద్దాయనా, ఆస్పత్రి బిల్లు కట్టేటప్పుడు మాత్రం అది మగవాళ్ళ సంగతే కదండీ.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. 2019లో మా ఆడపడుచుకి కడుపులో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ ఆలస్యమైంది. తీసేసరికి 21 వారాలు దాటాయి. బిడ్డ తలలో పెద్ద లోపం ఉందన్నారు. అప్పటి చట్టం ప్రకారం 20 వారాలు దాటితే డాక్టరు ముట్టుకోరు. హైకోర్టులో పిటిషన్ వేసుకోండి అన్నారు. అది ఎవరికి తెలుసు, ఎవరు తిరుగుతారు? మా అత్తగారు దేవుడి మీద భారం వేద్దామన్నారు. బిడ్డ పుట్టి తొమ్మిది రోజులు ఐసీయూలో ఉండి పోయాడు. మూడు లక్షలు అప్పు. మొన్న మొన్నటి దాకా కట్టారు. 2021లో చట్టం సవరించాక అత్యాచార బాధితులు, మైనర్లు లాంటి కొందరికి 24 వారాల దాకా అవకాశం వచ్చింది. బిడ్డలో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు ఒప్పుకున్నాక వారాల పరిమితే లేదు. మా వాళ్ళకి రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది. లావణ్యా, ఆ మూడు లక్షలు ఏ షేరులో కనిపిస్తాయో నీ ప్రాజెక్టులో వెతుకు.

ఉలవపాడు_మామిడి
అమ్మా, నాకు తెలియక అన్నాను. ఏమీ అనుకోవద్దు.

మూలాపేట_లావణ్య
పద్మక్కా, ఏం చెప్పాలో తెలియడం లేదు.

గిత్త_ఒంగోలు
అక్క చెప్పింది మనసులో పెట్టుకునే ఒక లెక్క చెబుతాను. మన సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న పెళ్ళి కాని ఆడవాళ్ళకి కూడా 24 వారాల నియమం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. ఆ మర్నాడు సెన్సెక్స్ 1,016 పాయింట్లు పెరిగింది. అమెరికాలో హక్కు తీసేస్తే 3 శాతం పెరిగింది, ఇక్కడ హక్కు ఇస్తే వెయ్యి పాయింట్లు పెరిగింది. యూట్యూబ్ సార్ లెక్కన మార్కెట్ రెండిటినీ స్వాగతించింది. ఇంకేం చెప్పాలి? సెప్టెంబర్ 30న రిజర్వు బ్యాంకు పాలసీ ఉంది, అనుకున్నట్టే అర శాతం పెంచి 5.90 చేసింది, ఇంకా పెద్ద దెబ్బ తగల్లేదని జనం ఊపిరి పీల్చుకున్నారు. అదీ సంగతి.

మూలాపేట_లావణ్య
ఇది గైడ్‌కి చూపిస్తాను! ఈ ఒక్క పోలికతో ఆయన నోరు మూతపడుతుంది.

కావలి_సీను
సూచీ వదిలేయండి. విడి కంపెనీలు చూడండి. చైనాలో ఒకే బిడ్డ విధానం ఎత్తేసినప్పుడు పాలపొడి షేర్లు ఎగిరాయా లేదా?

గిత్త_ఒంగోలు
ఎగిరాయి. ఈ ఒక్క మాట నీది నిజం. 2015 అక్టోబర్ 29న ఇద్దరు బిడ్డలకి అనుమతి ప్రకటించారు. పాలపొడి, డైపర్ల కంపెనీలు లేచాయి. మర్నాడు టోక్యోలో కండోమ్‌లు చేసే ఒకమోటో షేరు పడింది. చైనా చట్టం మారితే జపాన్ కండోమ్ షేరు పడింది చూశావా, లావణ్యా, నీకు కావాల్సింది ఇలాంటి కదలిక. ముందే ఖాయమని తెలిసిపోని ప్రకటన, కంపెనీ అమ్మకాలకి నేరుగా తగిలేది.

పెన్నా_గట్టు
ఆ తర్వాత పిల్లలు పుట్టారా?

గిత్త_ఒంగోలు
అక్కడే కత. 2016లో చైనాలో 1.78 కోట్ల పైన పుట్టారు, అంటే కొద్దిగా పెరిగింది. ఆ తర్వాత 2023 దాకా తగ్గుతూనే పోయింది. 2021 మే 31న ముగ్గురు బిడ్డలకి అనుమతి అన్నారు, మళ్ళీ ప్రసూతి, పిల్లల వస్తువుల షేర్లు ఎగిరాయి. 2023లో పుట్టినవాళ్ళు 90 లక్షలు. ఏడేళ్ళలో సగం. ప్రకటన రోజు కొన్నవాడు రెండుసార్లూ చట్టాన్ని చూశాడు. ఇంటి అద్దె, ట్యూషన్ ఫీజు, ఉద్యోగం పోతుందేమోనని ఆడపిల్ల భయం, ఇవేవీ చూడలేదు.

కావలి_సీను
...

రొయ్యల_రాయుడు
సీను మౌనంగా ఉన్నాడంటే జేబుకి తగిలిందని అర్థం.

కావలి_సీను
తగిలింది అన్నా, దాచేది ఏముంది. మన ముఖ్యమంత్రి ఎక్కువమందిని కనండి అన్నారు, 2024 నవంబర్‌లో ఇద్దరు పిల్లల నిబంధన తీసేశారు. మా టెలిగ్రామ్ గ్రూపులో ఒకాయన "బేబీ థీమ్, మూడు రెట్లు" అన్నాడు. పిల్లల బట్టలు, డైపర్లు అమ్మే ఒక కంపెనీలో లక్షా నలభై వేలు పెట్టాను. ఇప్పుడు తొంభై కూడా లేదు.

దర్గామిట్ట_పద్మ
ఆ నిబంధన పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో పోటీ చేసేవాళ్ళకి నాయనా! మూడో బిడ్డ ఉంటే సర్పంచ్‌గా నిలబడకూడదు అనేది తీసేశారు. సర్పంచ్ కావాలని డైపర్లు కొనేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

పెన్నా_గట్టు
😂😂 ఈ పోస్టుకి ఫ్రేమ్ కట్టించాలి.

కావలి_సీను
అక్కా, టిప్ ఇచ్చినోడు ఈ ముక్క చెప్పలేదు.

కందుకూరు_మందులషాపు
ఆలస్యంగా చూశాను. (ముందే చెబుతున్నా, కందుకూరు ప్రకాశమా నెల్లూరా అని ఎవరూ అడగొద్దు. 2022లో నెల్లూరులో కలిపినప్పటి నుంచి మా షాపు బోర్డు మార్చీ మార్చీ అలసిపోయాం.)

మందుల వైపు నుంచి ఒక మాట. గర్భం పోయే మాత్రల కిట్ 9 వారాల లోపు డాక్టరు చీటీ మీద ఇవ్వొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ నేను పెట్టను. మా వీధిలో ఇంకో నాలుగు షాపులున్నాయి, ఒక్కరూ పెట్టరు. ఎందుకంటే తనిఖీకి వచ్చినప్పుడు మొదట అడిగేది దాని లెక్కే. ఒక్క చీటీ తేడా వస్తే లైసెన్స్ మీదికి వస్తుంది. దాని మీద మిగిలేదెంత? ఆ గొడవ నాకెందుకు అని పక్కన పెట్టేశాను. 2021లో చట్టం సడలించారు, పేపర్లో వచ్చింది, మా కౌంటర్ మీద అమ్మకం ఒక్క కిట్ కూడా పెరగలేదు. చట్టం మారడం వేరు, సరుకు అరలోకి రావడం వేరు. షేర్ లెక్కలేసేవాళ్ళు దీన్ని చూడరు.

మూలాపేట_లావణ్య
అన్నా, ఇది నా ప్రాజెక్టులో పెట్టుకోవచ్చా? పేరు లేకుండా.

కందుకూరు_మందులషాపు
పెట్టుకో తల్లీ. ఊరు పేరు కూడా తీసెయ్.

గిత్త_ఒంగోలు
మందులషాపు అన్న మాటకి అమెరికా తోక ఒకటి. అక్కడ ఆ మాత్ర, మిఫెప్రిస్టోన్, అప్పట్లో చేసేవి డాంకో, జెన్‌బయోప్రో. రెండూ లిస్టయిన కంపెనీలు కావు. 2023 ఏప్రిల్‌లో టెక్సస్ జడ్జి ఒకాయన దాని అనుమతినే నిలిపేస్తూ ఆదేశం ఇచ్చాడు. దెబ్బ నేరుగా తగిలే కంపెనీకి షేరే లేదు, ఇక గ్రాఫ్ ఎక్కడ గీస్తావు? ఆ కేసును 2024 జూన్ 13న సుప్రీంకోర్టు తొమ్మిది మందీ ఏకగ్రీవంగా కొట్టేశారు, పిటిషన్ వేసినవాళ్ళకి ఆ అర్హతే లేదని.

ఔషధ, బయోటెక్ కంపెనీల పెద్ద అధికారులు వందలమంది ఆ ఆదేశాన్ని వ్యతిరేకిస్తూ బహిరంగ లేఖ రాశారు. ఆ మాత్ర వాళ్ళది కాదు. జడ్జి ఒక మందు అనుమతిని ఇలా ఎత్తేయగలిగితే రేపు తమ మందు సంగతేంటని భయం.

పెన్నా_గట్టు
అమెరికాలో ఊరూరా మందుల షాపులున్న వాల్‌గ్రీన్స్ గొడవ కూడా ఉంది కదా.

గిత్త_ఒంగోలు
అవును. 2023 మార్చిలో కొన్ని రాష్ట్రాల్లో ఆ మాత్ర అమ్మబోమని వాల్‌గ్రీన్స్ అంది. కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్ కోపం వచ్చి 5.4 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ కొనసాగించనన్నాడు. టీవీల్లో పెద్ద హడావుడి. అప్పట్లో ఆ కంపెనీ ఏడాది అమ్మకం 13 వేల కోట్ల డాలర్ల పైన. లెక్కేసుకో. కోటి రూపాయల సరుకు అమ్మే అంగడికి నాలుగు వేల బేరం పోయినట్టు. షేరు కాస్త తగ్గింది, అంతే.

రొయ్యల_రాయుడు
చట్టం నిజంగా తగిలితే ఎట్లా ఉంటుందో మమ్మల్ని అడగండి. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాలు అనగానే రొయ్యల మేత చేసే అవంతి ఫీడ్స్ షేరు పడింది, అదే వారం మా చెరువు గట్టు మీద కొనేవాడు రేటు కోశాడు. షేరు, రొయ్య రెండూ ఒకేసారి. ఆగస్టులో 50 శాతం అన్నాక చెప్పనక్కర్లేదు. అదీ నేరుగా తగలడం అంటే.

గిత్త_ఒంగోలు
మాకు పొగాకు. 2017 జులై 17న సిగరెట్ల మీద జీఎస్టీ సెస్సు పెంచారు. మర్నాడు ఐటీసీ 12 శాతం పైన పడింది, ఒక్క రోజులో. ఒంగోలు వేలం కేంద్రంలో ఆ రోజంతా అదే మాట. లావణ్యా, దీన్ని పక్కన పెట్టి చూపించు. ప్రతి సిగరెట్ మీదా పడే పన్ను, చెప్పకుండా వచ్చిన పన్ను. డాబ్స్‌లో ఆ రెండూ లేవు.

డల్లాస్_దర్శి
ఊరు దర్శి, ఉండేది డల్లాస్. చదువుతూ ఉన్నాను, ఒక మాట రాయకుండా ఉండలేకపోతున్నాను.

సూచీలో కనపడనంత మాత్రాన కంపెనీలకి ఖర్చు లేదనుకోకండి. లీక్ వచ్చిన రోజునే అమెజాన్ తన ఉద్యోగులకి వేరే రాష్ట్రానికి వెళ్ళి వైద్యం చేయించుకోవడానికి ఏడాదికి 4,000 డాలర్ల దాకా ఇస్తుందని వార్త వచ్చింది. తీర్పు తర్వాత డిస్నీ, మెటా, జేపీ మోర్గాన్ లాంటివి కూడా ప్రయాణ ఖర్చు ఇస్తామన్నాయి. ఇవి దయ కాదు, ఉద్యోగులు వెళ్ళిపోతారని.

మా ఇంటి సంగతి. నా భార్యకి రెండో గర్భం మూడో నెలలో నిలవలేదు. ఇంకా గుండె చప్పుడు కొద్దిగా ఉందని ఆస్పత్రి వాళ్ళు నాలుగు రోజులు ఇంటికి పంపి, రమ్మని, మళ్ళీ పంపారు. జ్వరం వచ్చాక చేర్చుకున్నారు. డాక్టరమ్మ మంచిదే, గర్భస్రావం మీద మా టెక్సస్ నిషేధ చట్టం చూసి భయపడింది. ఆరు నెలల తర్వాత నేను ఉద్యోగం వెతుక్కుని, అలాంటి చట్టం లేని న్యూజెర్సీకి అడిగాను. జీతం తక్కువ కాబట్టి చివరికి వెళ్ళలేదు, అది వేరే విషయం. కానీ మా టీములో ఇద్దరు వెళ్ళారు. ఇది లెక్కలోకి రావాలంటే పదేళ్ళు పడుతుందేమో. ఒక్క శుక్రవారం మధ్యాహ్నం గ్రాఫ్‌లో కనపడదు.

దర్గామిట్ట_పద్మ
తమ్ముడూ, ఇప్పుడు అమ్మాయి ఎలా ఉంది?

డల్లాస్_దర్శి
బాగుందక్కా. పోయిన సంక్రాంతికి వచ్చాం, బాబు పుట్టాడు.

గిత్త_ఒంగోలు
దర్శీ, నువ్వు చెప్పింది ఒప్పుకుంటాను. ఒక్క చిన్న పేచీ. 4,000 డాలర్లు అమెజాన్ లాంటి కంపెనీకి చిల్లర. అది ఖర్చు అని రాస్తే గైడ్ కొట్టేస్తాడు. మనుషులు రాష్ట్రాలు మారడం అని రాస్తే నిలుస్తుంది.

డల్లాస్_దర్శి
సరే, దానికి ఒప్పుకున్నా.

కలిగిరి_సుజాత
లావణ్యా, నువ్వు అమెరికా, చైనా తిరుగుతున్నావు, మన జిల్లానే మర్చిపోయావు. దూబగుంట మా పక్కనే. 1990ల మొదట్లో చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించారు, అది రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో ఎన్టీఆర్ పూర్తి మద్యనిషేధం. 1997కల్లా ఎత్తేశారు. ఎందుకు? ఖజానాకి ఆదాయం పోయిందని. ఆడవాళ్ళ చట్టం ఏదైనా సరే, డబ్బు ఎక్కడ తగులుతుందో చూడాలి. అక్కడ తగిలింది సర్కారు ఖజానాకి, షేర్లకి కాదు. గర్భం విషయంలో తగిలేది ఇంటి ఖర్చుకి. పద్మక్క చెప్పినట్టు.

ఇంకోటి. మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో పది మందికి ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్) ఐదో విడత, 2019-21 లెక్కలోనే ఉంది. ఇద్దరు పుట్టగానే అయిపోయింది, సర్కారు ఆస్పత్రిలో ఉచితం. నేనూ ఇరవై నాలుగో ఏట చేయించుకున్నా. ఇంక మాత్రల కంపెనీకి నాతో బేరం ఏముంది? సగటున ఒక్కొక్కరికి 1.7 మంది పిల్లలు అని కూడా ఆ సర్వేలోనే ఉంది. చట్టం ఎటు మారినా ఆ కుట్లు విప్పరు కదా.

రొయ్యల_రాయుడు
ఈ థ్రెడ్‌లో ఇదే అసలు పాయింట్.

మూలాపేట_లావణ్య
సుజాతక్కా, ఇది నాకు తట్టనే లేదు. మన దగ్గర లిస్టయినవి చూస్తే కండోమ్‌లు, గర్భనిరోధక మాత్రలు కూడా అమ్మే మ్యాన్‌కైండ్ ఫార్మా ఉంది, 1,080 ఇష్యూ ధర, 2023 మే 9న 1,300 దగ్గర లిస్టయింది. కానీ 2021 చట్టం, 2022 తీర్పు రెండూ దానికంటే ముందే. పైగా దాని అమ్మకాల్లో ఎక్కువ భాగం మామూలుగా డాక్టర్లు రాసే మందులదే. సరోగసీ చట్టం 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది, అప్పటికి పెద్ద ఐవీఎఫ్ సంస్థ ఒక్కటీ లిస్టవలేదు. అంటే ఇండియాలో కొలవడానికి షేరే సరిగ్గా లేదు.

గిత్త_ఒంగోలు
అదే రాయి. కొలవడానికి లేదు అనేది కూడా ఫలితమే.

*(నాలుగు రోజుల తర్వాత)*

మూలాపేట_లావణ్య
గైడ్ ఒప్పుకున్నారు! సెన్సెక్స్ 1,016 పాయింట్ల పోలిక చూసి ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు, తర్వాత "సరే, మార్కెట్ తీర్పును స్వాగతించిందన్న వాక్యం తీసెయ్" అన్నారు. ఇప్పుడు మూడు సంఘటనలు: డాబ్స్ లీక్, 2015 చైనా, పోలిక కోసం 2017 ఐటీసీ. చివరి అధ్యాయం మందుల షాపులు. నెల్లూరులో పన్నెండు షాపులకి వెళ్ళి అడగాలి. నాన్నకి కూడా చెప్పేశాను. "ఫార్మా అన్నావు కదే" అని, తర్వాత బండి మీద తీసుకెళ్తానన్నాడు.

కందుకూరు_మందులషాపు
నాన్నని బయట నిలబెట్టు. మగమనిషి పక్కనుంటే ఒక్క షాపువాడూ నిజం చెప్పడు, కిట్ నీకే అనుకుంటాడు.

మూలాపేట_లావణ్య
అయ్యో. సరే అన్నా.

కావలి_సీను
అంతా అయిపోయింది కదా, ఇప్పుడు చెప్పండి. ఆ డైపర్ల షేరు అమ్మాలా, ఉంచాలా?

దర్గామిట్ట_పద్మ
నీకు పెళ్ళయ్యే దాకా ఉంచు. డిస్కౌంటైనా ఇస్తారేమో.